తక్కువ తిరిగిన కారు – మదింపులో ఒక పాఠం

గత ఏడాది ఒక ఆదివారం పొద్దున్నే, ఇంకా కాఫీ కూడా కాకముందే, డాలస్ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. అక్కడ శనివారం రాత్రి. మామూలుగా అయితే రెండు మాటలయ్యాక ఫోన్ వాళ్ళక్క చేతికి వెళ్ళిపోతుంది. ఆ రోజు మాత్రం, "బావా, మీతోనే పని. ఒక కారు చూశాను. 1996 మోడల్. 19 వేల మైళ్ళే తిరిగింది. 22 వేల డాలర్లు చెబుతున్నారు. కొనొచ్చా?" అన్నాడు.

నాకు కార్ల గురించి తెలిసింది తక్కువ. మా ఇంట్లో ఉన్నది తొమ్మిదేళ్ళ చిన్న కారు, దాని బానెట్ తెరవడం కూడా నాకు రాదు. వాడికీ ఆ సంగతి తెలుసు. వాడడిగింది ఇరవై ఏళ్ళుగా ఋణ దరఖాస్తులు, పూచీ పత్రాలు తిరగేస్తున్న మనిషిని. ఆ తర్వాత ఆరు వారాల పాటు మేమిద్దరం చేసిన పని, ఒక రకంగా, శాఖలో రోజూ చేసే మదింపే. "సిబ్బంది ఇంట్లోవాళ్ళకు కూడా అర్థమయ్యేలా ఆస్తి విలువ కట్టడం గురించి రాయండి" అని మన పత్రిక వారు అడిగినప్పుడు నాకు ఫ్లాటో, పొలమో కాక ఈ కారే గుర్తుకు రావడానికి కారణం అది.

ఏమిటా కారు?

దాని పేరు షెవర్లే ఇంపాలా ఎస్.ఎస్. అమెరికాలో 'పర్ఫార్మెన్స్ సెడాన్' అంటారు. పైకి చూస్తే నాలుగు తలుపుల సంసారపక్షపు కారు, లోపల ఉన్నది స్పోర్ట్స్ కారు ఇంజను. జనరల్ మోటార్స్ కంపెనీ 1991లో షెవర్లే కప్రీస్ అనే పెద్ద కారును గుండ్రటి ఒంటితో కొత్తగా తెచ్చింది. చూసినవాళ్ళు తిమింగలం అని వెక్కిరించారు. కొన్నవాళ్ళలో పోలీసు శాఖలూ టాక్సీల వాళ్ళూ బాగా ఉండేవారు. 1992లో లాస్ వేగాస్‌లో జరిగే సెమా ప్రదర్శనలో కంపెనీ వాళ్ళు ఆ తిమింగలానికే నల్లరంగు వేసి, వెడల్పాటి చక్రాలు తొడిగి, ఎత్తు కాస్త తగ్గించి, 1960ల నాటి ఇంపాలా ఎస్.ఎస్. పేరు మళ్ళీ తగిలించి నిలబెట్టారు. దానికి వచ్చిన ఆదరణ చూసి 1994 మోడల్‌గా బజారులోకి దించారు.

ఇంజను 5.7 లీటర్లు, 8 సిలిండర్లు, 260 హార్స్‌పవర్. అదే కంపెనీ కార్వెట్ స్పోర్ట్స్ కారులో వాడిన ఎల్‌టి1 ఇంజనే, కొద్ది మార్పులతో. మన మారుతి 800 ఇంజను 796 సీసీ. అలాంటివి ఏడు కలిపినా దీనికి కాస్త తక్కువే పడతాయి. పొడవు సుమారు 5.4 మీటర్లు. సస్పెన్షన్ పోలీసు కార్లకు వేసే గట్టిది, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. మొదటి ఏడాది నలుపు రంగు ఒక్కటే ఇచ్చారు. 1995లో ముదురు చెర్రీ ఎరుపు, ముదురు బూడిద-ఆకుపచ్చ రంగులు చేరాయి. 1996లో గేరు కడ్డీ స్టీరింగు పక్కనుంచి కిందికి, రెండు సీట్ల మధ్యకు వచ్చింది, అంకెల స్పీడోమీటరు పోయి ముల్లు స్పీడోమీటరు వచ్చింది. అందుకే మూడేళ్ళలోనూ 1996 వాటికి గిరాకీ ఎక్కువ.

తయారైనవి 1994లో 6,303, 1995లో 21,434, 1996లో 41,941. ఏటేటా పెరిగిన అంకెలివి. అయినా 1996 డిసెంబరులో ఉత్పత్తి ఆపేశారు. ఎంబీఏ తరగతిలో 'ఆపర్చునిటీ కాస్ట్' చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. కార్లు అమ్ముడుపోక ఆపలేదు. అవి తయారయ్యే ఆర్లింగ్టన్ ఫ్యాక్టరీలో అదే చోట, అదే మనుషులతో పెద్ద ఎస్‌యూవీలు చేస్తే ఇంకా ఎక్కువ లాభం వస్తుందని ఆపారు. ఆ ఫ్యాక్టరీ ఇప్పటికీ ఎస్‌యూవీలే చేస్తోంది.

ఆర్లింగ్టన్ టెక్సస్ రాష్ట్రంలో, డాలస్ పక్కనే ఉంటుంది. మన తెలుగు పిల్లలు ఎంతోమంది చదివిన యూనివర్సిటీ కూడా ఆ ఊళ్ళోనే ఉంది. మా బావమరిది 2001లో అక్కడికే ఎం.ఎస్. చదవడానికి వెళ్ళాడు. నలుగురు కుర్రాళ్ళు ఒక గదిలో ఉండేవాళ్ళట, నలుగురికీ కలిపి ఒక్క కారూ లేదు. ఎదురింటి ముందు నల్ల ఇంపాలా ఒకటి ఉండేది. దాని యజమాని ఆదివారాలు దాన్ని కడుగుతుంటే వీడు బస్టాపులో నిలబడి చూసేవాడు. ఈ సంగతి ఇరవై ఏళ్ళలో మా ఆవిడకి కూడా ఎన్నడూ చెప్పలేదు. "వాడు ఏదీ అడగని పిల్లాడండీ" అని ఆమె ఆ రోజంతా అంటూనే ఉంది.

అయితే వాడి పెద్దకొడుకు ఆ ఏడాదే కాలేజీలో చేరబోతున్నాడు. చేతిలో ఉన్న 10 వేలు పోను 12 వేల డాలర్లు అప్పు తేవాలి. 8 శాతం వడ్డీతో నాలుగేళ్ళకు నెలకు 293 డాలర్లు, మొత్తం వడ్డీ రెండు వేల పైచిలుకు. పెద్ద మొత్తం కాకపోవచ్చు. కానీ తప్పు కారు కొంటే మాత్రం కొడుకు ఫీజు కట్టే చోట ఆ తప్పు తగులుతుంది.

నిమ్మకాయల బజారు

మన దగ్గర కొత్త కారు కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. అమెరికాలో లోపమున్న కారునే నిమ్మకాయ అంటారు. జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో అచ్చయిన తన వ్యాసానికి ఆ మాటే పేరుగా పెట్టాడు. మూడు పత్రికలు తిప్పి పంపాక నాలుగోది వేసుకుంది. 2001లో ఆయనకు స్పెన్స్, స్టిగ్లిట్జ్‌లతో కలిపి నోబెల్ వచ్చింది. (ఆయన భార్య జానెట్ యెల్లెన్ అమెరికా కేంద్ర బ్యాంకుకు అధిపతిగా పనిచేశారు. ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకుంటారో అని నాకో కుతూహలం.)

ఆయన చెప్పింది సులువుగా చెప్పుకోవచ్చు. పాత కారు మంచిదో కాదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి కొనేవాడు మధ్యస్థంగా ఒక ధర ఇస్తానంటాడు. మంచి కారున్నవాడికి ఆ ధర గిట్టదు, అతను కారు బజారులో పెట్టడు. అప్పుడు బజారులో మిగిలిన వాటి సగటు నాణ్యత ఇంకా తగ్గుతుంది, కొనేవాడు ఇంకా తక్కువ ఇస్తానంటాడు. చివరికి బజారులో నిమ్మకాయలే మిగులుతాయి.

బ్యాంకు మనుషులకు ఇది కొత్త సంగతి కాదు. వడ్డీ పెంచుతూ పోతే సక్రమంగా కట్టే ఖాతాదారులు తప్పుకుని, ఎంత వడ్డీకైనా సరే అనేవాళ్ళే మిగలడం మనం చూసిందే. అకర్లాఫ్ ఆ వ్యాసంలోనే మన దేశపు వడ్డీ వ్యాపారుల గురించి కూడా రాశాడు. ఊరి వ్యాపారికి ఎవరు తీరుస్తారో, ఎవరు ఎగ్గొడతారో ముందే తెలుసు. బయటినుంచి వచ్చి అతనికన్నా తక్కువ వడ్డీకి ఇస్తానన్నవాడి దగ్గరికి మాత్రం నిమ్మకాయలే వచ్చి చేరతాయి.

మరి మంచి కారున్నవాడు తనది మంచిదని ఎలా నమ్మించాలి? దానికి జవాబు స్పెన్స్ చెప్పాడు. మాట చవక, ఎవరైనా చెప్పగలరు. నిమ్మకాయ ఉన్నవాడు చేయలేని పని ఏదైనా చేసి చూపించాలి. పాత కారు విషయంలో అలాంటిది ఒక్కటే, ఏళ్ళ తరబడి దాచిన కాగితాలు. కారు తుడిచి మెరిపించడానికి ఒక పూట చాలు, 28 ఏళ్ళ సర్వీసు బిల్లులు మాత్రం ఒక పూటలో పుట్టవు.

కాగితం మీద కారు

మా వాడు పంపిన ఫోటోల్లో కారు అద్దంలా ఉంది. ఫోటోలు పక్కన పెట్టి మొదట నంబరు పంపమన్నాను. అమెరికా కార్లకు 1981 నుంచి 17 అక్షరాంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. డ్రైవరు వైపు అద్దం కింది మూలలో బయటినుంచే కనిపిస్తుంది. అందులో పదో స్థానం మోడల్ సంవత్సరం. 1994కు 'ఆర్', 1995కు 'ఎస్', 1996కు 'టి'. పదకొండోది ఫ్యాక్టరీ, ఆర్లింగ్టన్‌కు 'ఆర్'. ఎనిమిదోది ఇంజను, 'పి' ఉంటే ఈ 5.7 లీటర్ల ఎల్‌టి1.

ఇక్కడే ఒక మెలిక ఉంది. పోలీసులకు అమ్మిన మామూలు కప్రీస్‌లలో కూడా అదే ఇంజను వేశారు. రిటైరైన పోలీసు కారు ఒకటి చవగ్గా కొని, నల్లరంగు కొట్టించి, బ్యాడ్జీలు తగిలించి ఇంపాలాగా అమ్మేవాళ్ళు ఉన్నారు. కాబట్టి సంఖ్యలో 'పి' ఉన్నంత మాత్రాన సరిపోదు. డిక్కీలో ఫ్యాక్టరీవాళ్ళు అతికించిన చీటీ ఉంటుంది, అందులో కారుకు వేసిన ప్రతి అంశానికీ ఒక కోడు. ఇంపాలా ఎస్.ఎస్.కు 'డబ్ల్యు ఎక్స్ 3'. ఆ చీటీ ఫోటో వచ్చేదాకా నేను ముందుకు కదల్లేదు. వాడు విసుక్కున్నాడు. లింకు డాక్యుమెంట్లు అడిగినప్పుడు ఇంటి ఋణం కోసం వచ్చినవాళ్ళందరూ అలాగే విసుక్కుంటారు, నాకది అలవాటే.

తర్వాత టైటిల్. మన ఆర్.సి. లాంటిది, యాజమాన్య పత్రం. అప్పు ఏదైనా ఉంటే దాని మీదే నమోదవుతుంది. ప్రమాదంలో నుజ్జయి బీమా కంపెనీ వదిలేసుకున్న బండైతే 'సాల్వేజ్' అని ముద్ర పడుతుంది. ఈ కారుకు రెండూ లేవు. కానీ మైళ్ళ గడి దగ్గర 'ఎగ్జెంప్ట్' అని ఉంది. అంటే మినహాయింపు. అక్కడి చట్టం ప్రకారం బండి చేతులు మారేటప్పుడు ఎన్ని మైళ్ళు తిరిగిందో అమ్మేవాడు రాసి సంతకం పెట్టాలి. కానీ 2010, అంతకు ముందరి మోడళ్ళకు పదేళ్ళు నిండితే ఆ బాధ్యత ఉండదు. అందువల్ల మా వాడు ఎంతో గొప్పగా చెప్పిన ఆ 19 వేల మైళ్ళకు చట్టం పూచీ ఏమీ లేదు. మీటరులో కనిపించే అంకె తప్ప ఆధారం లేదు.

ఆ అంకె విలువెంతో లెక్క వేశాం. మా వాడు రెండు వారాలు కూర్చుని, ఇటీవల అమ్ముడైన ఇలాంటి కార్ల ధరలు పోగేశాడు. 96 వేల మైళ్ళు తిరిగింది 15 వేల డాలర్లకు పోయింది. 19 వేల మైళ్ళకు దగ్గరగా తిరిగి, రుజువు కూడా ఉన్నది 34 వేలకు పోయింది. తేడా 19 వేల డాలర్లు, 77 వేల మైళ్ళు. మైలుకు దాదాపు 25 సెంట్లు. తిరగని ప్రతి మైలుకూ కొనేవాడు చెల్లించేది అది. అంతేకాదు, కొన్నాక తిప్పిన ప్రతి మైలుకూ పోగొట్టుకునేదీ అదే. ఏడాదికి నాలుగు వేల మైళ్ళు తిప్పితే, పెట్రోలు కాక, వెయ్యి డాలర్లు రోడ్డు మీద పారబోసినట్టు. తిప్పకుండా దాచుకుందామా అంటే, కారు కొన్నది దేనికి?

దాచినవాళ్ళకైనా లాభించిందా అంటే అదీ లేదు. 1996లో ఈ కారు కొత్తది సుమారు 24 వేల డాలర్లు. అమెరికా వినియోగదారుల ధరల సూచీ 1996లో 156.9, 2024లో 313.7, అంటే సరిగ్గా రెండింతలు. ఆనాటి 24 వేలు ఈనాటి 48 వేలు. 34 వేలకు అమ్మినవాడు గ్యారేజీ అద్దె, బీమా లెక్కలోకి తేకుండానే 14 వేలు నష్టపోయాడు. "పాత కారు పెట్టుబడి బావా" అన్న మాట మా వాడు ఆ తర్వాత మళ్ళీ ఎత్తలేదు.

నిలబెట్టిన బండి

వాడని బావిలో నీళ్ళలాగే, కదలని కారులో కూడా దాని దోషాలు దానికి చేరతాయి. బ్రేకు నూనె గాలిలోని తేమ పీల్చుకుని లోపలి గొట్టాలను తుప్పు పట్టిస్తుంది. అక్కడి పెట్రోలులో కలిపే ఎథనాల్ కూడా తేమను లాక్కుంటుంది, ట్యాంకులో ఏళ్ళ తరబడి ఉంటే బంకలా మారుతుంది. రబ్బరు బెల్టులు, గొట్టాలు, సీళ్ళు ఎండి పగులుతాయి.

ఈ ఇంజనుకు ప్రత్యేకంగా ఇంకో బలహీనత ఉంది. నిప్పురవ్వను సిలిండర్లకు పంచే పరికరాన్ని ఇంజను ముందువైపు, సరిగ్గా నీళ్ళ పంపు కింద పెట్టారు. దాన్ని ఆప్టిస్పార్క్ అంటారు. పంపు సీలు ఎండి నీళ్ళు కారితే అవి తిన్నగా దాని మీద పడతాయి. అది పాడైతే ఇంజను నత్తినత్తిగా నడుస్తుంది, లేదా నడవదు. మార్చాలంటే ముందు నీళ్ళ పంపు ఊడదీయాలి. అంత తెలివైనవాళ్ళు అంత తెలివితక్కువ చోట దాన్ని ఎందుకు పెట్టారో నాకు అంతుపట్టలేదు. కొనేముందు మెకానిక్కుతో చూపించుకోవడానికి రెండు వందల డాలర్లయితే, మా వాడు వెనకాడకుండా ఇచ్చాడు. పంపు పొడిగా ఉందని తేలింది.

టైర్ల దగ్గర మాత్రం మెకానిక్ ఆగాడు. టైరు అంచు మీద 'డాట్' అనే అక్షరాల తర్వాత ఉండే సంఖ్యలో చివరి నాలుగు అంకెలు అది తయారైన వారం, సంవత్సరం. 2000 సంవత్సరానికి ముందు మాత్రం మూడు అంకెలే వేసేవారు. ఈ కారు టైర్ల మీద మూడే ఉన్నాయి. అంటే కారుతో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన టైర్లు. వాటి మీద వంద కిలోమీటర్ల వేగంతో పోవడం ఆత్మహత్యే. కానీ నాకది విన్నప్పుడు సంతోషమైంది. లక్ష మైళ్ళు తిరిగిన కారుకు మొదటి టైర్లు మిగలవు. మీటరు అంకెకు అదే మొదటి సాక్ష్యం.

మన దగ్గర పాత కారు కొనేవాళ్ళకు కూడా ఇందులో పనికొచ్చేది కొంత ఉంది కాబట్టి ఒక్క మాట. టైరు మీది నాలుగంకెలు ఇక్కడా అవే. మీటరుకన్నా సర్వీసు పుస్తకాన్ని నమ్మండి. ఆర్.సి.లో హైపోథికేషన్ ఉంటే అప్పు తీరిందన్న బ్యాంకు లేఖతో పాటు ఫారం 35 కూడా చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు ఆ రోజే చేయించుకోండి. ఇక, ఇంపాలా మీద మనసుపడి ఇక్కడికి తెప్పించుకుందామని ఎవరైనా అనుకుంటే కుదరదు. మూడేళ్ళు దాటిన పాత కారును, ఎడమవైపు స్టీరింగున్న దాన్ని మన దిగుమతి నిబంధనలు రానివ్వవు.

ఇనుప డ్రాయరులో ఫైలు

అమ్ముతున్నది డెబ్భై ఎనిమిదేళ్ళ పెద్దావిడ. కారు భర్తది. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆమె ఇల్లు అమ్మేసి కొడుకున్న ఊరికి వెళ్ళిపోతోంది. 22 వేలన్న ధర పక్కింటాయన చెప్పాడట. మా వాడు రెండోసారి వెళ్ళినప్పుడు, "ఆయన కాగితాలేవో ఆ డ్రాయరులో ఉన్నాయి. కావాలంటే చూసుకో, లేకపోతే పారేస్తాను" అని గ్యారేజీలో ఒక ఇనుప డ్రాయరు చూపించిందట.

అందులో ఒక ఫైలుంది. డీలరు ఇచ్చిన మొదటి బిల్లు నుంచి, ఆయన పోయిన ఏడాది దాకా. ప్రతి ఆయిల్ మార్పిడికీ ఒక రసీదు, ప్రతిదాని మీదా తేదీ, మైళ్ళు. టెక్సస్‌లో ఏటా జరిగే వాహన భద్రతా తనిఖీ చీటీలు కూడా ఉన్నాయి. (2025 జనవరి నుంచి ఆ తనిఖీ ఎత్తేశారు. ముందుముందు పాత కార్లకు ఈ సాక్ష్యం దొరకదు.) మా వాడు ఒక్కొక్క కాగితం ఫోటో తీసి నాకు పంపాడు. నేను స్టాకు స్టేట్‌మెంటు పరిశీలించినట్టే తేదీ, మైళ్ళు రెండు వరసల్లో ఎక్కించాను. ఒకచోట పట్టుబడింది. 2010లో 14,712 అని ఉంది, 2011లో 14,390. మీటరు వెనక్కి తిరిగిందా అని గుండె గుభేలుమంది. తీరా చూస్తే 2010 నాటిది చేతిరాత రసీదు. అదే నెల తనిఖీ చీటీలో అచ్చులో 14,172 ఉంది. మెకానిక్ అంకెలు తారుమారు చేశాడు. మిగతా వరసంతా ఎక్కడా తప్పలేదు.

19 వేల మైళ్ళు నిజమేనని తేలింది. తేలగానే కొత్త చిక్కు మొదలైంది.

అకర్లాఫ్ లెక్కలో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. ఇక్కడ అది తిరగబడింది. ఆ ఫైలు ఆమెకు పారేయాల్సిన చెత్త. అది పక్కన ఉంటే కారు 34 వేలదని మా వాడికీ నాకూ తెలుసు. మర్నాడు వెళ్ళి 22 వేలకు చెక్కు రాసి ఇస్తే ఆమె సంతోషంగా తీసుకుంటుంది, ఫైలు కూడా ఊరికే ఇస్తుంది. 12 వేల డాలర్లు, సరిగ్గా వాడు అప్పు తేవాల్సినంత.

"బావా, చెప్పాలా?" అన్నాడు.

నేను చట్టం చెప్పాను. మన కాంట్రాక్టు చట్టం, 1872, సెక్షన్ 17. పరీక్షలు రాసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మౌనంగా ఉండటం తనంతట తాను మోసం కాదు. దాని కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి ఇద్దరు వర్తకులది. ధరలు మారబోతున్న సంగతి ఒకడికి రహస్యంగా తెలుసు, రెండోవాడికి చెప్పాల్సిన పని లేదు. అమెరికాలో కూడా 1817లోనే సుప్రీం కోర్టు ఒక పొగాకు వ్యాపారం కేసులో అలాంటి మాటే అంది. యుద్ధం ఆగిందన్న కబురు ముందే తెలిసినవాడు ఆ సంగతి చెప్పకుండా పొగాకు కొన్నాడు. తెలిసింది చెప్పనక్కర్లేదు, మభ్యపెట్టే మాట మాత్రం అనకూడదు అన్నారు న్యాయమూర్తులు.

వాడు అంతా విని, "ఆ సెక్షన్‌లో ఇంకేమైనా ఉదాహరణలున్నాయా?" అని అడిగాడు. ఉన్నాయి. ఒకాయన లోపమున్న గుర్రాన్ని అమ్ముతూ ఆ మాట ఎత్తడు. కొనేది పరాయివాడైతే అది మోసం కాదు. కొనేది అప్పుడే మైనారిటీ తీరిన సొంత కూతురైతే మాత్రం చెప్పి తీరాలి. నమ్మకం ఉన్న చోట నోరు విప్పే బాధ్యత ఉంటుందని దాని భావం.

"ఆవిడ డ్రాయరు తాళం నా చేతికిచ్చి లోపలికి వెళ్ళి టీ పెట్టింది బావా" అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

వాడి స్థానంలో ఉంటే నేనేం చేసేవాణ్ణో నాకు తెలియదు. మొదటి శాఖలో ఉన్నప్పుడు ఒక ముసలమ్మ వడ్డాణం తాకట్టు పెట్టడానికి వచ్చి 40 వేలిస్తే చాలంది. తూకం, నాణ్యం చూశాక దాని మీద మూడింతలు రావచ్చని మా అప్రైజరు ఆమెకు చెప్పాడు. అది ఆయన ఉద్యోగం, జేబులోంచి పోయేదేమీ లేదు. ఇక్కడ 12 వేల డాలర్లు పోతాయి.

మర్నాడు వాడు ఫైలు పట్టుకెళ్ళి ఆమె ముందు పెట్టి, ఏ కాగితం ఏమిటో చూపించి, తాను పోగేసిన ధరల పట్టిక కూడా ఇచ్చి వచ్చాడు. తాను 26 వేల దాకా పెట్టగలనని చెప్పాడు. ఆమె కొడుకును అడిగి చెబుతానంది. మూడు వారాలకు ఫోన్ చేసి, వేరే రాష్ట్రం నుంచి ఒకాయన వచ్చి 33 వేలిచ్చి తీసుకెళ్ళాడనీ, ఏమీ అనుకోవద్దనీ చెప్పింది. కాసేపు ఆగి, భర్త ఆ కారులో ఆదివారాలు చర్చికి తప్ప ఎక్కడికీ తీసుకెళ్ళేవాడు కాదని, మైళ్ళు పెరుగుతాయని తనను ఎప్పుడూ నడపనివ్వలేదని అందట.

మా ఆవిడ రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. "సెక్షన్లు చదివి వినిపించి వాడి కారు పోగొట్టారు" అంది. నిజానికి నేను చదివిన సెక్షన్ వాడికి అనుకూలమే అని చెప్పి చూశాను కానీ లాభం లేకపోయింది.

పిల్లాడు కాలేజీలో చేరాడు. పోయిన నెల మా వాడు ఇంకో కారు ఫోటోలు పంపాడు. 1996దే, చెర్రీ ఎరుపు, 88 వేల మైళ్ళు, 14,500 డాలర్లు. డ్రైవరు సీటు కాస్త చిరిగింది. అప్పు అక్కర్లేదట, వారాంతాల్లో హాయిగా తిప్పుకోవచ్చట. డిక్కీలో చీటీ ఉంది, 'డబ్ల్యు ఎక్స్ 3' కనిపిస్తోంది. నీళ్ళ పంపు ఎప్పుడు మార్చారో అడగమన్నాను. ఒక ఫోటోలో ముందు టైరు అంచు దగ్గరగా పడింది. పెద్దది చేసి చూస్తే చివర 1416 అని ఉంది, అంటే 2016లో పద్నాలుగో వారం. టైర్లు మార్చాలి, ఆ ఖర్చు ధరలో తగ్గించి అడుగు అని రాశాను.